ఇంట్లో ఉన్న సుయ్యి పనికిరాదట

రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేస్తే మేడ మీది గదిలో దీపం వెలుగుతోంది. మెట్లెక్కి చూశాను. తలుపు కింది సందులో పాత దుప్పటి కుక్కి ఉంది. కిటికీలకి బొంతలు వేలాడుతున్నాయి. గోడకి బూరుగుదూది పరుపు నిలబెట్టి ఉంది. నడిమధ్యన మా మనవడు. ఒళ్ళో గిటారు, ముందు లాప్‌టాపు, మూతికి జానెడు దూరంలో మైకు. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేసి, వేసవి ఉక్కలో తడిసి ముద్దయి కూర్చున్నాడు. "ఏంట్రా అబ్బాయ్ ఇది?" అనబోతే పెదాల మీద వేలు పెట్టి ఊరుకోమన్నాడు. రికార్డింగు నడుస్తోందట.

తెల్లారాక కిందికొచ్చి నా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించాడు. "తాతయ్యా, క్యాసెట్ల కొట్టు నడిపినోడివి. నువ్వు విని చెప్పాలి" అన్నాడు. పాట ఇంకా అందుకోలేదు, అప్పుడే సుయ్‌మని చప్పుడు. వెనకాల చిటపటలు. "హెడ్డు మురికి పట్టిందిరా, స్పిరిటు పెట్టి తుడువు" అన్నాను. "హెడ్డూ లేదు, టేపూ లేదు తాతయ్యా. ఆ సుయ్యి నేనే పెట్టాను" అన్నాడు. పాత టేపు చప్పుడు, అరిగిన రికార్డు చిటపటలు, టేపు వణుకు అన్నీ కంప్యూటర్లో విడివిడిగా దొరుకుతాయట. డబ్బులిచ్చి కొన్నాడట. ఇలాంటి పాటని లో-ఫై అంటారట.

ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

మా రోజుల్లో ఆ సుయ్యితో పోరాడటమే నా బతుకు. 1984లో ఆత్రేయపురంలో బస్సులు ఆగే చోట చిన్న గదిలో రికార్డింగు షాపు పెట్టాను. రెండు టేప్‌డెక్కులు, ఒక అహూజా యాంప్లిఫయరు, గోడ నిండా క్యాసెట్లు. జనం కాగితం మీద పాటలు రాసుకొచ్చేవారు. ఒకడికి ఘంటసాల భగవద్గీత, ఒకడికి పుష్పవిలాపం, ఇంకొకడికి కొత్త సినిమా పాటలు. సీ-60 అయితే వైపుకి అరగంట, సీ-90 అయితే ముప్పావుగంట. రాసిచ్చిన పాటలు ఆ నిమిషాల్లో పట్టేలా కూర్చడమే ఒక లెక్క. చివరి పాట మధ్యలో తెగితే మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు నిలబడేవారు. "గురువు గారూ, చరణం ఏదండీ?" అని అడిగేవారు. వాళ్ళకి జవాబు చెప్పాలి కదా.

సుయ్యి ఎందుకొస్తుందో కూడా చెబుతాను, ఇప్పటి పిల్లలకి తెలీదు. క్యాసెట్టులో టేపు వెడల్పు 3.8 మిల్లీమీటర్లు. సెకనుకి 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది. స్టూడియోల్లో వాడే పెద్ద స్పూలు టేపుతో పోలిస్తే ఇది దారప్పోగు. అంత సన్నటి పట్టీ మీద, అంత నెమ్మదిగా కదిలే ఇనుప రజను మీద పాటని ఎక్కించాలి. ఆ రజనుకి సొంత గోల ఒకటుంటుంది. పాట బలంగా ఎక్కితే గోల దాని కింద అణిగిపోతుంది. పాట మెత్తగా ఎక్కిందా, గోల పైకొస్తుంది. అందుకని సూది ఎర్రగీతని తాకీ తాకనట్టు ఉండేలా చెయ్యి నాబు మీదే పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కాస్త ఎక్కువైతే గొంతు చిట్లుతుంది, కాస్త తగ్గితే సుయ్‌మంటుంది. డాల్బీ మీట ఉన్న డెక్కు కొన్న రోజు మా ఇంట్లో పాయసం వండారు. ఆ మీట నొక్కితే సుయ్యి పది డెసిబెల్స్ దాకా తగ్గేది. ఆ తగ్గడం కోసం ఎంత అప్పు చేశానో మా ఆవిడకి తెలుసు.

పై స్థాయి శబ్దాలు మసకబారితే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పి చూసేవాణ్ణి. బెల్టు సాగితే పాట ఈడ్చుకుపోయేది, ఘంటసాల గొంతు జ్వరం వచ్చినట్టు అయిపోయేది. వెంటనే రాజమండ్రి బస్సెక్కి కొత్త బెల్టు తెచ్చేవాణ్ణి. ఇప్పుడు మా వాడి స్నేహితులు మంచి పాటల్ని పనిగట్టుకుని ఈడ్పించి, బావిలోంచి పాడినట్టు చేసి, స్లోడ్ అండ్ రివర్బ్ అని పంచుకుంటున్నారు. ఒక మనిషి శ్రుతికి ఎన్నేళ్ళ సాధన పడిందో ఆలోచించరా వీళ్ళు? సాగిపోయిన బెల్టుకి నేను సిగ్గుపడ్డాను. వీళ్ళు దాన్నే అందమంటున్నారు.

మా వాడు ఊరుకునే రకం కాదు, పేర్లు చెప్పాడు. అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అని పెద్ద గాయకుడు. న్యూజెర్సీలో కోల్ట్స్ నెక్ అనే చోట అద్దె ఇంట్లో ఉండగా, 1982 జనవరిలో, పడగ్గదిలో కూర్చుని ఒక్కడే పాటలు రికార్డు చేసుకున్నాడు. వాడింది టాస్కామ్ పోర్టాస్టూడియో. మామూలు క్యాసెట్టు మీద నాలుగు జాడలుగా రికార్డు చేసే యంత్రం అది, 1979లో వచ్చింది. మనం రెండు వైపులా వాడుకునే నాలుగు జాడల్నీ ఒకే దిక్కుగా, రెట్టింపు వేగంతో నడుపుతుంది. అంటే గంట క్యాసెట్టులో పావుగంటే పడుతుంది. ఆ తరవాత తన బృందాన్నంతా స్టూడియోలో కూడేసి అవే పాటలు మళ్ళీ వాయించి చూశాడు. ప్రాణం రాలేదు. చివరికి పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకు తిరిగిన ఆ క్యాసెట్టే ఆ ఏడు సెప్టెంబరులో నెబ్రాస్కా అనే రికార్డుగా బయటికొచ్చింది.

ఇంకొకడు డేనియల్ జాన్‌స్టన్. ఇంట్లో మామూలు సాన్యో టేప్‌రికార్డరు ముందు కూర్చుని పాడేవాడు. మొదట్లో క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకి కాపీ తీసే సదుపాయం అతనికి లేదు. ఎవరైనా అడిగితే పాటలన్నీ మొదట్నించీ మళ్ళీ పాడి ఇచ్చేవాడు. ఇది విన్నప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు. రోజుకి ముప్పై కాపీలు తీసిన చెయ్యి నాది. అడిగిన ప్రతి మనిషికీ ఒక పాట కొత్తగా పాడి ఇవ్వడమంటే అది భిక్ష కాదు, విందు భోజనం.

ఆ ఇద్దరి పాటలూ పూర్తిగా విన్నాను. ఒప్పుకున్నాను, గొప్పవే. అయితే అవి మా వాడి పక్షాన కాదు, నా పక్షాన సాక్ష్యం చెబుతున్నాయి. స్ప్రింగ్‌స్టీన్ పాటల వెనక సుయ్యి ఆ క్యాసెట్టుది, ఆ గదిది, ఆ రాత్రిది. దాన్ని తీసెయ్యాలని ఇంజినీర్లు నానా తంటాలు పడ్డారు. జాన్‌స్టన్ వెనకాల గరగరలు ఆ సాన్యో డబ్బావి. ఆ వేళకి వాళ్ళ చేతికందింది అదే, ఉన్నదాంతో పాడారు, చప్పుడు దానంతటది వచ్చి కూర్చుంది. ఒరే అబ్బాయ్, నీ లాప్‌టాపు గొంతుని గాజులా పట్టిస్తుంది. దాని మీద ఎవరిదో చచ్చిపోయిన టేపు గోల తెచ్చి పుయ్యడం ఎందుకురా?

ఆగండి, సుయ్యి గురించి ఇంకొక మాట చెప్పాలి. 1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. నీళ్ళు తీశాక లంకల్లోంచి ఒకాయన గుడ్డలో మూటగట్టి క్యాసెట్లు తెచ్చాడు. అన్నీ ఒండ్రు. వాటిల్లో ఒకటి నేనే రికార్డు చేసింది. వాడపల్లి తీర్థంలో ఆడిన హరిశ్చంద్ర నాటకం, కాటిసీను. ఆయన తండ్రి నాటకాల పిచ్చోడు, అప్పటికి పోయి రెండేళ్ళయింది. డబ్బా అయిదు స్క్రూలూ విప్పి, టేపుని మంచినీళ్ళలో జాడించి, పాకలో నీడన తాడు మీద ఆరబెట్టి, కొత్త డబ్బాలోకి చుట్టాను. మూడు రోజులు పట్టింది. పాడింది. నడుమ ఒకచోట గొంతు నీళ్ళలో మునిగి మళ్ళీ తేలుతుంది. ఆ చోటు బాగుచెయ్యమని ఆయన అడగలేదు. నేనూ ముట్టుకోలేదు. అది గోదావరి పెట్టిన గుర్తు. అలాంటి మచ్చ ఉంటే ఉండనీ, నాకేం పేచీ లేదు. లేని వరదని తెచ్చి గోడకి ఒండ్రు పూసుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ టేపులో ఇంకా ఏమున్నాయో చెప్పనివ్వండి. జాషువా పద్యాలు అందుకున్నాడు నటుడు. పద్యం చివర రాగం సాగుతోంది, హార్మోనియం వెంటబడుతోంది. అటు పక్కన ఎవరిదో పసిపిల్ల ఏడుస్తోంది. గోళీసోడా కొట్టిన చప్పుడు టప్పున పడింది. రాగం దిగుతుండగానే "వన్స్‌మోర్!" అని ఒక గొంతు, వెంటనే పది గొంతులు. నటుడు చచ్చిన కొడుకుని పక్కనబెట్టి మళ్ళీ అదే పద్యం ఎత్తుకున్నాడు. రెండోసారి మొదటిసారిలా పాడలేదు, రాగం ఇంకా పైకి పోయింది. ఎవరు పాడించారు దాన్ని? ఆ జనమే. నాటకాల్లో పద్యం సగం రాసినవాడిది, సగం అడిగినవాడిది.

మైకు పెట్టడం కూడా మనుషుల్ని చూసే పెట్టేవాళ్ళం. ఒకే మైకు. హార్మోనియం పెట్టెని మూడు బారలు వెనక్కి జరిపి, తబలాని ఎడంగా కూర్చోబెట్టి, నటుడికి ముందే చెప్పేవాణ్ణి: "పైస్థాయికి వెళ్ళేటప్పుడు అడుగు వెనక్కెయ్యండి బాబూ." తెలిసినవాళ్ళు చెప్పకుండానే వేసేవారు. సర్దుబాటు మిషన్లో ఉండేది కాదు, మనిషి కాళ్ళలో ఉండేది.

మా వాడి పాటలో డ్రమ్ములున్నాయి. కొట్టిందెవరు? రెండు వేళ్ళతో మీటల మీద వాడే. బేస్ గిటారు వాడే. వెనకాల వంత పాడే నాలుగు గొంతులూ వాడివే. చరణంలో మొదటి పాదం మంగళవారం పాడింది, రెండోది గురువారానిది. నచ్చనిదల్లా కత్తిరించి నచ్చిన ముక్కలు అతికాడు. పైగా దానికి ఒక బృందం పేరు పెట్టాడు. బృందంలో ఎంతమంది అంటే ఒక్కడే.

ఒక్కడు పాట చెయ్యడం తప్పని నేననను. మనకది కొత్తా? రాసి, బాణీ కట్టి, తానే పాడేవాణ్ణి వాగ్గేయకారుడని పేరు పెట్టి నెత్తిన పెట్టుకున్న జాతి మనది. ఏటి అవతల నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు రాశారు, స్వరపరిచారు, పాడారు. వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి కూడా అందుకున్నారు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. సినిమా పాట కాకుండా, భజన కాకుండా, తెలుగులో ఊరికే ఒక పాట, లలితగీతం, మా ఇళ్ళలోకి వచ్చిందంటే ఆ రేడియో గుమ్మంలోంచే. నా కొట్లో సినిమా పాటలడిగేవాళ్ళు వందమంది ఉంటే లలితగీతం అడిగినవాడు ఒకడు. ఆ ఒక్కడికీ రేడియోలోంచి పట్టి ఇచ్చేవాణ్ణి. మా మనవడు సినిమా కోసం కాకుండా తన మాట తాను తెలుగులో పాడుకుంటున్నాడు. అందుకు వాణ్ణి దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను కూడా. హైదరాబాదులో చౌరస్తా వాళ్ళు అలాగే సినిమా అండ లేకుండా జనంలోకి వెళ్ళారు. 2020లో కరోనా మీద వాళ్ళు కట్టిన పాట మా ఊళ్ళో కూడా వినిపించింది. అక్కడ నలుగురు మనుషులున్నట్టు చెవికి తెలుస్తుంది. ఒకరి తాళం ఒకరు ఆసరా చేసుకోవడం తెలుస్తుంది.

వాగ్గేయకారుడు ఒక్కడే కట్టాడు, నిజమే. కట్టినది ఎవరో ఒకరి ముందు పాడాడు. దేవుడి ముందో, శిష్యుడి ముందో, వీధి అరుగు మీదో. మా వాడి పాట పూర్తయ్యేదాకా ఇంట్లో మాకే తెలీదు. హార్మోనిస్టు ఉంటే కనుబొమ్మ ఎత్తి "ఇక్కడ శ్రుతి పోయింది నాయనా" అనేవాడు. తబలాయన ఉంటే "ఇంత లాగుడు దేనికి, ఒక ఆవర్తం తగ్గించు" అనేవాడు. వీడికి ఎవరు చెబుతారు? పైన గది తలుపు సందులో దుప్పటి కుక్కుకుని కూర్చున్నాడాయె.

మాట స్పష్టత సంగతి చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరదు. తెలుగు పాట తెలుగులా వినపడాలా, వద్దా? ఒత్తు పలకడు. ‘ళ’ని ‘ల’ చేస్తాడు. వాక్యం చివర గొంతులోకి మింగేస్తాడు. అడిగితే "అలా ఉంటే దగ్గరగా ఉంటుంది తాతయ్యా, చెవిలో చెప్పినట్టు" అంటాడు. చెవిలో చెప్పినా అర్థమయ్యేలా చెప్పాలి కదరా. ఘంటసాల గారు ఎంత మెల్లగా పాడినా ఒక్క అక్షరం కింద పడలేదు. రేకు బాకాల్లోంచి, గాలివాటుకి, రెండు పొలాల అవతల వరినాట్లు వేస్తున్న ఆడవాళ్ళకి అక్షరం అక్షరం అందేది. వాళ్ళు నా కొట్టుకొచ్చి ఆ మాటలే పొల్లు పోకుండా చెప్పి పాట అడిగేవారు. మా వాడి పాట మూడుసార్లు విన్నాను. అందులో ‘వాన’ ఉందని తెలిసింది, ‘బస్సు’ ఉందని తెలిసింది. మిగిలింది వాడు కాగితం మీద రాసిస్తేనే తెలిసింది. రాసింది చూస్తే ఎంత బాగుందనుకున్నారు! అంత మంచి మాటల్ని ఎందుకు నమిలి మింగాలి?

ఇక అసలు గొడవ. వాడు రాత్రి రెండింటికే ఎందుకు రికార్డు చేస్తాడంటే, పగలు ఇల్లు గోలట. నిజమే. మా ఇంటి వెనక పాకలో నలభై ఏళ్ళుగా పూతరేకులు తీస్తున్నారు. మా ఆవిడ తీసింది, ఇప్పుడు కోడలు తీస్తోంది. 2023లో మా ఊరి పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఈ నేలదేనని కాగితం మీద రాశారు. పొద్దున్నే పొయ్యిలో ఎండు కొబ్బరాకులు వేస్తే చిటపట, చిటపట. జయ బియ్యం రుబ్బి పాలలా పల్చన చేసిన పిండిలో తెల్లటి గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండ వీపు మీద ఇలా పరిచి ఇలా లాగేస్తారు. లాగీ లాగగానే సుయ్‌మంటుంది. గాలి కంటే పల్చటి రేకు లేస్తుంది. మళ్ళీ ముంచు, మళ్ళీ పరుచు, మళ్ళీ సుయ్. దానికొక తాళం ఉంది. మా కోడలి చెయ్యి ఆ తాళం తప్పడం నేను చూడలేదు. తప్పితే రేకు చిరుగుతుంది.

ఒకరోజు హెడ్‌ఫోన్‌లో వాడి పాట వింటూ పెరట్లోకి నడిచాను. హెడ్‌ఫోన్ తీశాను. పెట్టుకున్నాను. మళ్ళీ తీశాను. వాడు డబ్బులు పోసి కొన్న సుయ్యి, వాడు డబ్బులు పోసి కొన్న చిటపట, రెండూ మా పాకలో ఉన్నాయి. ఆ చప్పుళ్ళు పడకుండా బొంతలు కట్టుకుని, పరుపు నిలబెట్టుకుని, ఏ దేశం టేపుదో, ఎవరింటి రికార్డుదో తెలీని చప్పుడు తెచ్చుకుని ఇంటి పాటలో పోసుకున్నాడు. ఇంట్లో రికార్డు చేశాను, హోమ్ రికార్డింగు అని చెప్పుకుంటాడు కదా, ఇల్లేది అందులో? వాడి బువ్వ వచ్చింది ఆ సుయ్యిలోంచి. గిటారు కొన్నది ఆ చిటపట డబ్బులతో.

వాణ్ణి చెయ్యి పట్టుకుని పాకలోకి తీసుకెళ్ళాను. "మైకు ఇక్కడ పెట్టు" అన్నాను. "గొంతు మీదకి వస్తుంది తాతయ్యా, సర్దలేం" అన్నాడు. కుండకి ఏడెనిమిది అడుగుల దూరంలో ముక్కాలి పీట వేయించి, మైకు వీపు పొయ్యి వైపు, మూతి వాడి వైపు ఉండేలా తిప్పాను. నాటకాలకి హార్మోనియం జరిపిన లెక్కే. కోడలు గుడ్డ పిండుతూ "నేను ఆపనా మావయ్యా?" అంది. "ఆపకమ్మా, నీ పని నువ్వు చేసుకో" అన్నాను. వాడు పాడాడు. పాకలో అందరూ ఉన్నారు కాబట్టి సిగ్గుపడ్డాడు. సిగ్గు మూలాన గొంతు కొంచెం పైకి ఎత్తాడు. అక్షరాలు తేలాయి. రెండో చరణం దగ్గర మా ఆవిడ మంచం మీంచి "ఏంటీ, ఆ మాట మళ్ళీ చెప్పు" అంది. వాడు ఆగి, మళ్ళీ పాడాడు.

ఆ ముక్క వాడు పాటలో వాడుకుంటాడో లేదో తెలీదు. మా ఆవిడ అడిగిన మాట దగ్గర కత్తిరిస్తానన్నాడు. కత్తిరించొద్దని గట్టిగా చెప్పాను. మాకు మాటా మాటా పెరిగింది కూడా. రాత్రి పైన దీపం వెలుగుతూనే ఉంది. పాకలోని సుయ్యి వాడి చెవికి ఇంకా సరిపోలేదట, కొన్నది కూడా కొంచెం కలపాలట.

రేపు శనివారం. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల జనం తెల్లారుజాము నుంచే రోడ్డు నిండా పోతారు. బస్సులు, ఆటోలు, హారన్లు, గోవింద నామాలు. శనివారం ఇంట్లో రికార్డింగు కుదరదని వాడు ఆ రోజు గిటారు పట్టుకోడు. వీధి వైపు కిటికీకి కట్టిన బొంత ఇవాళ సాయంత్రం నేనే విప్పి, మడతపెట్టి, అటక మీద పెట్టాను.